మనసు రావట్లేదు అనేవాళ్ళతో కాసేపు

(విజయనగరంలో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో, ఆదివారం సాయంత్రం ఆడవాళ్ళ కోసం పెట్టిన మీటింగులో ఒక ఫిజియోథెరపిస్ట్ మాట్లాడిన మాటలివి. ఫోన్లో రికార్డు చేసింది విని రాశాం, ఆవిడ మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారమండి. వెనకాల వినిపిస్తోందా? ఆ గోడ వారగా నిలబడ్డవాళ్ళు ముందుకి వచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, తర్వాత ఆ కుర్చీలతో పని కూడా ఉంది.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మోకాళ్ళ నొప్పులు, నడుం నొప్పి, భుజం పట్టేసింది, పొద్దున్న లేచి కాలు కింద పెడితే మడమ నొప్పి, వీటికే వస్తారు. కొన్ని రోజులు నొప్పి ఉన్న చోట మెషీన్‌తో కరెంటు పెట్టించుకుంటారు, తగ్గుతుంది, వెళ్ళిపోతారు, కొన్నాళ్ళకి అదే నొప్పితో మళ్ళీ వస్తారు. ఇంటి దగ్గర చేసుకోమని చెప్పినవి చేస్తన్నారా అని అడిగితే మొహమాటంగా నవ్వుతారు. "చెయ్యాలనే ఉంది మేడమ్, చేస్తే మంచిదనీ తెలుసు, ఏటో మరి, మనసు రావట్లేదు." ఈ మాట టీచర్లు అంటారు, కూరగాయలమ్ముకునే ఆవిడ అంటుంది, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనావిడా అంటుంది. అనేటప్పుడు తలదించుకుని అంటారు, అదే నాకు బాధగా ఉంటుంది. ఏదో తప్పు చేసినట్టు, తనకి పట్టుదల లేదని తనే ఒప్పేసుకున్నట్టు. ఇవాళ నేను ఆ మాట గురించే మాట్లాడదామని వచ్చాను. ఏ ఆసనం దేనికి మంచిది అనేది మీకు యూట్యూబ్‌లో బోలెడు దొరుకుతుంది, అది తెలియక ఆగిపోయినవాళ్ళు తక్కువ.

మోటివేషన్ మోటివేషన్ అని మనం దాన్ని మనసులో వెతుకుతున్నాం. నేను ఇన్నేళ్ళు పేషెంట్లని చూసి నమ్మింది ఏంటంటే అది చాలావరకు బయట ఉంటుంది, పక్కింటావిడ దగ్గర ఉంటుంది, మన వీధి ఎలా ఉంది, మన ఇంట్లో పొద్దున్న పనులు ఎవరు చేస్తారు, వీటిల్లో ఉంటుంది. బయట ఏర్పాటు సరిగ్గా ఉంటే మామూలు మనసు చాలు. ఏర్పాటు లేకపోతే ఎంత గట్టి మనసైనా నాలుగు రోజులకి చల్లబడిపోతుంది.

కొండవెలగాడ అందరికీ తెలుసు కదా, మన నెల్లిమర్ల మండలమే. అంత చిన్న ఊరు, దేశం మొత్తంలో వెయిట్‌లిఫ్టింగ్ అంటే ఆ పేరు చెప్తారు. మత్స సంతోషి ఆ ఊరి పిల్లే. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో 53 కేజీల విభాగంలో ముందు కాంస్యం వచ్చింది, తర్వాత ఫస్ట్ వచ్చిన నైజీరియా అమ్మాయి డోప్ టెస్టులో దొరికిపోతే సంతోషికి రజతం అయింది. ఇప్పుడు చెప్పండి, ఆ ఊళ్ళో పుట్టే పిల్లలకి పుట్టుకతోనే పట్టుదల ఎక్కువుందా, మన పిల్లలకి తక్కువుందా? అలాంటిదేమీ ఉండదు కదా. అక్కడ ఎదురింటి అక్క ప్రాక్టీసుకి వెళ్తుంటే ఈ పిల్ల వెనకాల వెళ్తుంది, వెళ్ళాక ఊరికే ఎందుకు కూర్చోవడం అని తనూ ఒక బార్ పట్టుకుంటుంది. ఆ వీధిలో అది మామూలు పని. మన వీధిలో ఒక ఆడపిల్ల బరువులెత్తుతానంటే ముందు ఇంట్లో ఒక పంచాయితీ అవ్వాలి.

కరణం మల్లీశ్వరి గారిది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒక్క ఊపులో తల పైకి ఎత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాల దాకా ఎత్తి తర్వాత పైకి ఎత్తే క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చారు, ఒలింపిక్ మెడల్ తెచ్చిన మొట్టమొదటి భారతీయ మహిళ మన శ్రీకాకుళం జిల్లా ఆవిడ. ఆవిడ అక్కచెల్లెళ్ళు కూడా వెయిట్‌లిఫ్టర్లే, ఆ సంగతి చాలామందికి తెలీదు. ఇంకా వెనక్కి పోతే కోడి రామ్మూర్తి నాయుడు గారు, 1882లో వీరఘట్టంలో పుట్టారు, ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది, శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే. ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నారని, ఇనప గొలుసులు తెంపేవారని తాతలు చెప్పగా వినే ఉంటారు. ఆయన కుస్తీలు, వ్యాయామం నేర్చుకున్నది ఎక్కడనుకున్నారు, మన విజయనగరంలోనే. ఆ రోజుల్లో ఇక్కడ వ్యాయామశాల ఉంది, నేర్పేవాళ్ళు ఉన్నారు, పక్కన చేసేవాళ్ళు ఉన్నారు. అంత బలవంతుడికి కూడా ఒక చోటు కావాల్సొచ్చింది.

సరే వాళ్ళందరూ గొప్పవాళ్ళు, మా సంగతి చెప్పండి అంటారు. మీ సంగతే చెప్తాను. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ఎంతమంది వెళ్ళారు ఇక్కడ? చెయ్యెత్తండి. చూడండి, సగంమంది పైగా ఉన్నారు. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. రాత్రంతా, వానలో, కొంతమంది చెప్పుల్లేకుండా. మిగతా ఏడాదంతా కిలోమీటరు నడవమంటే నావల్ల కాదమ్మా అనే మనిషి ఆ రోజు 32 కిలోమీటర్లు నడిచొస్తుంది. భక్తి ఉంది, కాదనను, అది పెద్ద బలం. కానీ దానితో పాటు ఇంకేమేం ఉన్నాయో చూడండి. తేదీ ముందే తెలుసు. దారి తెలుసు. వీధిలో వాళ్ళందరూ కలిసి బయల్దేరతారు. దారి పొడుగునా మజ్జిగలు, పులిహోర ఇచ్చేవాళ్ళు ఉంటారు. ఆ రోజు వంటెవరు చేస్తారు అని ఇంట్లో ఎవరూ అడగరు. ఆడమనిషి అర్ధరాత్రి రోడ్డు మీద నడుస్తోంది ఏంటని ఎవరూ వింతగా చూడరు. ఇన్ని ఏర్పాట్లుంటే నడిచేశారు మీరు. మీ కాళ్ళల్లో లోపం లేదు, మీ మనసులోనూ లేదు. (ఏడాదికోసారి ఒక్కరోజు అంత నడిచి తర్వాత వారం నా దగ్గరికి వాచిన మోకాళ్ళతో వస్తారు, అది వేరే సంగతి, ముందు నుంచీ కొద్దికొద్దిగా అలవాటు చేసుకుని వెళ్ళండి అని ప్రతి ఏడూ చెప్తూనే ఉంటాను.)

ఇంకో మాట వస్తుంది. మొన్న ఒకావిడ అన్నారు, "ఏటి మేడమ్, తెల్లారగట్ల లెగిసిన కాడ్నించీ పనే గదా, వాకిలి తుడిసి కల్లాపి జల్లి, అంట్లు తోమి, గుడ్డలుతికి, పిల్లలకి క్యారేజీలు కట్టి, మళ్ళీ నాకు నడకేటి" అని. ఆవిడ మాట ఎంత నిజమో నాకు తెలుసు. 2019లో కేంద్ర ప్రభుత్వం టైమ్ యూజ్ సర్వే అని చేసింది, ఎవరు రోజులో ఏ పనికి ఎంత సేపు పెడుతున్నారని ఇంటింటికీ వెళ్ళి అడిగారు. జీతం లేని ఇంటి పనికి, ఆ పని చేసేవాళ్ళలో, ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారు. అంటే ఇంచుమించు అయిదు గంటలకి గంటన్నర. ఇది బద్ధకం లెక్క కాదండీ, టైమ్ లేని లెక్క. అందుకని "రోజుకి గంట నీకోసం కేటాయించుకో" అని వాట్సాప్‌లో వచ్చే మెసేజీలు చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ గంట ఎవరి దగ్గర నుంచి వస్తుంది, అది చెప్పరు.

అయితే ఇంటి పని ఎక్సర్‌సైజు అవుతుందా అవదా? కొంత అవుతుంది. ఊరికే కూర్చున్నదానికంటే ఎంతో నయం. 1953లో లండన్‌లో జెరెమీ మారిస్ అనే డాక్టరు గారు డబుల్ డెక్కర్ బస్సుల వాళ్ళ మీద స్టడీ చేశారు. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సు, ఒకే రకం ఇళ్ళు, ఇంచుమించు ఒకటే జీతాలు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొడతాడు. గుండె జబ్బులు డ్రైవర్ల కంటే కండక్టర్లకి బాగా తక్కువగా కనిపించాయి. కండక్టరుకి ఎవరూ మోటివేషన్ ఇవ్వలేదు, అది ఉద్యోగం, మెట్లున్నాయి, ఎక్కాడు. అందుకని పని చేసుకునేవాళ్ళని నేనెప్పుడూ తక్కువ చెయ్యను. కానీ మనం ఇప్పుడు చేసే ఇంటి పనిలో మిక్సీ వచ్చింది, వాషింగ్ మెషీన్ వచ్చింది, రోలూ లేదు నుయ్యీ లేదు, ఆ మెషీన్లు రావాలనే నేనూ కోరుకుంటాను, మా అమ్మ పడ్డ కష్టం మీరెవరూ పడక్కర్లేదు. మిగిలిన పని ఎలాంటిదంటే ఎక్కువ సేపు ఒకే చోట నిలబడ్డం, నడుం వంచడం, మెడ దించడం. గుండె వేగం పెరగదు, ఊపిరి ఆయాసంగా ఆడదు, తొడ కండలకి బరువు పడదు. ఒళ్ళు అలిసిపోతుంది గానీ గట్టిపడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు, ఓ మోస్తరు ఆయాసం వచ్చేలాంటి పని, దానితో పాటు వారానికి రెండు రోజులైనా కండలకి బలం ఇచ్చేవి. ఓ మోస్తరు అంటే ఎంత అని అడుగుతారు. నడుస్తూ పక్కావిడతో మాట్లాడగలగాలి, కానీ పాట పాడమంటే పాడలేకపోవాలి. అంతే, మెషీన్లేం అక్కర్లేదు. ఇంకో మంచి మాట కూడా చెప్పారు. అంతకుముందు ఒక్కసారికి కనీసం పది నిమిషాలు చేస్తేనే లెక్క అనేవారు, ఆ షరతు 2020లో తీసేశారు. అయిదు నిమిషాలు చేసినా లెక్కలోకి వస్తుంది. మన ఆడవాళ్ళకి ఇంతకంటే మంచి కబురు లేదు, మన టైమ్ అంతా ముక్కలు ముక్కలుగానే దొరుకుతుంది కాబట్టి. ఆ పదివేల అడుగులు అంటారు చూడండి, ఫోన్లో లెక్క చూసుకుని ఇవాళ కాలేదని బాధపడిపోతారు, ఆ నంబరు డాక్టర్లు చెప్పింది కాదు, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మిషను అమ్మడానికి ఒక కంపెనీ పెట్టుకున్నది. అంతకన్నా తక్కువ నడిచినా లాభం ఉంది. ఇవాళ రెండు వేలు నడిచే మనిషి మూడు వేలు నడిస్తే అదే పెద్ద మార్పు.

షుగర్ ఎంతమందికి ఉంది అని నేను చెయ్యెత్తమనను. 2023లో వచ్చిన ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, స్టడీలో దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉందని, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది అంచున ఉన్నారని తేలింది. ఈ అంచున ఉన్నవాళ్ళతోనే నాకు ఎక్కువ మాట్లాడాలని ఉంటుంది. భోజనం చేశాక రక్తంలో పంచదార పెరుగుతుంది కదా, ఆ టైమ్‌లో మీరు నడిస్తే తొడలూ పిక్కలూ ఆ పంచదారని లాక్కుని వాడేసుకుంటాయి, కదిలే కండకి దానికోసం ఇన్సులిన్ అంతగా అక్కర్లేదు. చేసిన ఫలితం కూడా ఆ కాసేపే కాదు, ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. అందుకే వరసగా రెండు రోజులు మానకండి అంటాం. మన ఇళ్ళల్లో రాత్రి భోజనం ఎప్పుడు? సీరియల్ అయ్యాక, తొమ్మిదిన్నరకి, తెల్లన్నం, తిన్న అరగంటకి పడక. ఎనిమిదింటికి తినేసి డాబా మీద పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిరగండి. ఏం తోచదు తిరుగుతుంటే అంటారా, హైదరాబాద్‌లో కూతురికి రోజూ ఫోన్ చేస్తారు కదా, ఆ ఫోన్ కూర్చుని మాట్లాడకండి, తిరుగుతూ మాట్లాడండి. ఇష్టమైన పనిని దీనికి ముడిపెట్టెయ్యాలి. మా పేషెంటు ఒకావిడ అలాగే చేస్తారు, ఇప్పుడు వాళ్ళమ్మాయే "అమ్మా, డాబా ఎక్కావా" అని అడిగి గానీ మాట్లాడదు.

ఇంక అసలు సంగతి, ఏర్పాటు ఎలా చేసుకోవాలి. "రేపట్నించి నడుస్తాను" అనేది ఏర్పాటు కాదు. పీటర్ గోల్‌విట్జర్ అని ఒక సైకాలజీ ప్రొఫెసర్ దీని మీదే చాలా ఏళ్ళు పనిచేశారు. చెయ్యాలి అనుకున్నవాళ్ళ కంటే ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత చేస్తాను అని ముందే ఖాయం చేసుకున్నవాళ్ళు ఎక్కువమంది చేస్తారని చూపించారు. మన భాషలో ఎలా ఉంటుందో చెప్తాను. పొద్దున్న పాలపాకెట్టుకి గుమ్మం దిగుతారు కదా. పాకెట్టు తెచ్చి లోపల పెట్టి, చెప్పులు విప్పేశారో ఇంక అయిపోయింది, స్టవ్ పిలుస్తుంది, కుక్కర్ పిలుస్తుంది, పిల్లాడి సాక్స్ దొరకవు, ఆ రోజు మళ్ళీ బయటికి రారు. అందుకని పాకెట్టు గుమ్మంలోంచే లోపలికి అందించేసి అటు నుంచి అటే వెళ్ళిపోవాలి. పాలు ఎవరో ఒకరు కాస్తారు. షూస్ ముందు రోజు రాత్రే గుమ్మం బయట పెట్టుకోవాలి, సాక్స్ అందులోనే కుక్కి పెట్టాలి. చీర మీద షూస్ ఏంటని సిగ్గుపడతారు చాలామంది. నా పేషెంట్లు ఎంతమంది వేసుకుంటున్నారో, బాగుంటుంది కూడా. హవాయి చెప్పులతో గట్టిగా నడిస్తే మడమ నొప్పి వస్తుంది, షుగర్ ఉన్నవాళ్ళకైతే వేలు తగిలి పుండైతే మానదు.

ఎక్కడ అంటే అయ్యకోనేరు చెరువు గట్టు దగ్గరున్నవాళ్ళకి అయ్యకోనేరు ఉంది, కోట వైపు వాళ్ళకి కోట చుట్టూ ఉంది, ఎక్కడా లేకపోతే మన కాలనీలో నాలుగు వీధులు తిరగండి. కుక్కలు ఉన్నాయి అంటారు, నిజమే, తెల్లారగట్ల ఒక్కరే వెళ్తే మీద పడతాయి. నలుగురు వెళ్తే అంత భయం ఉండదు. నలుగురు వెళ్తే ఎవరైనా ఏమన్నా అనుకుంటారు అనే బెంగ కూడా పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, మీరు రాకపోతే గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ఉంటుంది. మనకోసం మనం లేవం, మన ఆడవాళ్ళం అలాగే పెరిగాం, కానీ పక్కింటి అప్పలనరసమ్మ గారు చీకట్లో మనకోసం నిలబడి ఉంటే లేచి వెళ్తాం. ఆ గుణాన్నే ఇక్కడ వాడుకుందాం.

(సభలోంచి ఒకావిడ: మొదట్లో బాగానే చేస్తాం మేడమ్, మధ్యలో పండగలొచ్చి మొత్తం పోతాది.)

పోతుంది, తప్పకుండా పోతుంది. పైడితల్లమ్మ పండగొస్తే ఇంటినిండా చుట్టాలు, ఎవరు నడుస్తారు? సంక్రాంతికి నాలుగు రోజులు అరిసెలూ పిండివంటలతో సరిపోతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే ఆవిడ, కొత్త పని అలవాటవ్వడానికి ఎన్నాళ్ళు పడుతుందని 96 మందిని గమనించారు. 21 రోజులు చాలు అని ఎవరో చెప్పగా విన్నారు కదా, వాళ్ళకి సగటున 66 రోజులు వచ్చింది. అదీ సగటే. కొందరికి 18 రోజుల్లో అలవాటైపోయింది, కొందరికి లెక్క ప్రకారం 254 రోజులు పడుతుందని వచ్చింది. మధ్యలో ఒక రోజు మానేస్తే పెద్ద తేడా రాలేదు. దీన్నిబట్టి నేను మా వాళ్ళకి చెప్పేది, పండగ వస్తుందని ముందే తెలుసు కాబట్టి ఆ నాలుగు రోజులకి చిన్న ఏర్పాటు ముందే అనుకోండి. నడక కుదరదు, డాబా మెట్లు రెండు సార్లు ఎక్కి దిగుతాను, అంతే. పండగ అయిపోయాక ఏ రోజు మళ్ళీ మొదలో అదీ మీ జట్టులో ముందే అనేసుకోండి. పండగ వల్ల పోయినవాళ్ళు తక్కువ, పండగ అయ్యాక ఎవరు ముందు పిలవాలో తెలియక పోయినవాళ్ళు ఎక్కువ. నేను చూశాను.

ఇప్పుడు కుర్చీలతో పని. అందరూ కుర్చీ గోడకి ఆనించండి, ప్లాస్టిక్ కుర్చీ కదా, జారిపోతుంది. అంచు మీదకి వచ్చి కూర్చోండి. రెండు పాదాలు నేల మీద పూర్తిగా ఆనాలి, మధ్యలో జానెడు పైగా ఎడం. మడమలు మోకాళ్ళ కంటే కొంచెం వెనక్కి లాగండి. చేతులు ఛాతీ మీద కట్టుకోండి. కొంచెం ముందుకి వంగి, తొడల బలంతో లేవండి. లేచారా. ఇప్పుడు మెల్లగా కూర్చోండి, దబ్బున పడకండి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ దిగండి. ఆ దిగేటప్పుడే కండకి పని. చేతులు ఆనించకుండా లేవలేనివాళ్ళు ఉన్నారా? పర్లేదమ్మా, ఇటు పక్క గోడ పట్టుకుని లేవండి, లేదా కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి, కొన్నాళ్ళకి దిండు తీసేద్దురు గాని. పదిసార్లు, కాసేపు ఆగి మళ్ళీ పదిసార్లు, వారానికి రెండు మూడు రోజులు. కూర గిన్నెలో మగ్గేలోపు అయిపోతుంది.

మోకాళ్ళు అరిగిపోయాయి కదా, ఇంకా అరిగిపోతాయేమో అని భయపడతారు. మోకాళ్ళ అరుగుదలకి పెద్ద గైడ్‌లైన్స్ ఏవి తీసినా మొదటి వరసలో ఎక్సర్‌సైజు ఉంటుంది. తొడ ముందు కండ గట్టిగా ఉంటే నడిచేటప్పుడు పడే బరువు అది పంచుకుంటుంది, అది సన్నబడిపోతే మొత్తం కీలు మీదే పడుతుంది. చేసేటప్పుడు కొంచెం నొప్పుంటే ఫర్వాలేదు, మర్నాటికి కూడా ఎక్కువగా ఉండి వాపు వస్తే తగ్గించండి. నొప్పి మాత్రల గురించి ఒక్క మాట. మెడికల్ షాపుకెళ్ళి అడిగి తెచ్చుకుని నెలల తరబడి వేసుకుంటున్నారు. కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ ఉద్దానం పక్కనే పెట్టుకుని, కవిటి, సోంపేట వైపు నుంచి డయాలసిస్‌కి తిరిగే మనుషుల్ని మన కళ్ళతో చూస్తూ కూడా. ఆ జబ్బు ఈ మాత్రల వల్ల వచ్చిందని నేను అనట్లేదు, దాని సంగతి వేరు. కానీ బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు రోజూ నొప్పి మాత్రలు మింగితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం మాత్రం ఉంది. డాక్టరు రాయకుండా వేసుకోకండమ్మా, దండం పెడతాను.

అరవై అయిదు దాటినవాళ్ళకి ఇంకొకటి. గోడ పక్కన నిలబడి ఒంటికాలి మీద కాసేపు, మళ్ళీ రెండో కాలు. బాత్రూంలో జారి తుంటి విరిగిన పెద్దావిడని ఒకసారి చూస్తే ఇది ఎందుకు చెప్తున్నానో తెలుస్తుంది. మంచం మీద నుంచి ఆవిడని మళ్ళీ నిలబెట్టడానికి నేనూ ఆవిడ కోడలూ నెలలు కష్టపడతాం.

ఎవరు ముందు డాక్టరుని అడగాలి అంటే, నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టు ఉండేవాళ్ళు, కొద్దిగా నడిస్తేనే ఆయాసం వచ్చేవాళ్ళు, కళ్ళు తిరిగేవాళ్ళు, గుండెకి స్టెంటు వేయించుకున్నవాళ్ళు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, నడకలో షుగర్ పడిపోతే తినడానికి, కొంగున ఒక చాక్లెట్టు కట్టుకుని వెళ్ళండి.

తిండి గురించి నేను ఎక్కువ చెప్పను, దానికి వేరే వాళ్ళని పిలవండి. చోడంబలి, అదే రాగి అంబలి, మనం మానేశాం, మళ్ళీ మొదలుపెట్టండి, పొద్దున్న టీతో బిస్కెట్లు తినేదానికంటే మంచిది. ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదంటారు, అంటే ఒక చిన్న చెంచా. ఆవకాయ, అప్పడం, ఎండు చేప అన్నీ ఆ చెంచాలోకే వస్తాయి.

వెనకాల ఆరుగురు మగవాళ్ళు కూర్చున్నారు, వచ్చినందుకు చాలా సంతోషం. మీతో ఒక పని ఉంది బాబూ. పొద్దున్న అరగంట స్టవ్ మీరు చూడండి. పాలు కాచండి, టీ పెట్టండి, పిల్లల్ని లేపండి. ఇందాక చెప్పాను కదా, 299 నిమిషాలకి 97. మీ ఇంటావిడకి మీరు ఇవ్వగలిగిన మోటివేషన్ ఆ అరగంటే. "నువ్వు ఒళ్ళు తగ్గాలి" అని మాత్రం అనకండి. ఆ మాట విన్న మనిషి నడవదు, ముడుచుకుపోతుంది. నా దగ్గర ఏడ్చినవాళ్ళు ఉన్నారు. ఒళ్ళు నడకతో మెల్లగా తగ్గుతుంది, ఒక్కోసారి తగ్గదు కూడా, కానీ షుగరూ, బీపీ, నిద్రా, మోకాళ్ళ నొప్పీ బాగుపడతాయి, అవి చూసుకోండి. మెట్లెక్కితే ఆయాసం తగ్గిందా, కింద కూర్చుని లేవగలుగుతున్నానా, అది చూసుకోండి.

ఇంక నేను ఆపేస్తాను, చీకటి పడుతోంది. కానీ టీ తాగేసి వెళ్ళిపోకండి. ఇక్కడే, ఇప్పుడే, ఒక్కో వీధి వాళ్ళు ఒక్కో చోట నిలబడండి. మొదటి వీధి వాళ్ళు ఆ కిటికీ దగ్గర, రెండో వీధి ఇక్కడ స్టేజి దగ్గర, గుడి వెనకాల వాళ్ళు గుమ్మం దగ్గర. నలుగురికి ఒక జట్టు, అయిదుగురైనా పర్లేదు. రేపు ఎన్నింటికి, ఎవరి గేటు దగ్గర, అది తేల్చుకుని ఫోన్ నంబర్లు రాసుకోండి. ఒక్కరే మిగిలిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే నా దగ్గరికి రండి, ఏదో ఒక జట్టులో కలుపుతాను. ఏమ్మా, మీరు ఏ వీధి? రెండోదా? అయితే ఇటు రండి, ఇక్కడ ముగ్గురే ఉన్నారు.